ఆడ్రియాటిక్ లీగ్‌లో దుబాయ్‌కేం పని?

(మామయ్య బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడిది దుబాయ్‌లో ఉద్యోగం, సెలవుకి వచ్చాడు. తగువు ఏమిటంటే, పాత యుగోస్లావియా దేశాల క్లబ్బులు కలిసి ఆడుకునే ఏబీఏ లీగ్‌లోకి, అంటే ఆడ్రియాటిక్ లీగ్‌లోకి, 2024లో దుబాయ్ జట్టును చేర్చుకోవడం సబబేనా అని.)

మేనల్లుడు: నూటికి నూరుపాళ్లు సబబే మామయ్యా. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ లాంటి జట్టు మా దుబాయ్‌కొచ్చి ఆడుతుందని ఎవరైనా అనుకున్నారా?

మామయ్య: మీకు లాభమేరా, కాదన్నానా? వాళ్లకి ఒరిగిందేమిటో చెప్పు. ఒకప్పుడు అక్కడ ఒకటే దేశం, ఒకటే లీగ్. జాగ్రెబ్‌లోని సిబోనా ద్రాజెన్ పెత్రోవిచ్‌ని పెట్టుకుని 1985, 86లలో యూరప్ కప్పు కొట్టింది. స్ప్లిట్ వాళ్లు 1989 నుంచి వరసగా మూడేళ్లు కొట్టారు. తర్వాత దేశం ముక్కలైంది. స్లొవేనియా జనాభా ఇరవై లక్షలు, మాంటెనెగ్రోది ఆరు లక్షల పైచిలుకు. ఒంటరిగా లీగ్ నడిపితే టీవీ వాడు ఏమిస్తాడు? అందుకే 2001లో పన్నెండు క్లబ్బులు మళ్లీ ఒకచోట చేరాయి. బోస్నియా యుద్ధం ఆగి అప్పటికి ఆరేళ్లయినా కాలేదు! నిన్న తుపాకులు పట్టుకున్న ఊళ్లు ఇవాళ బంతి పట్టుకున్నాయి. అందులో మీ దుబాయ్‌కి ఏం చుట్టరికం?

మేనల్లుడు: చుట్టరికం మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 2012లో కప్పు ఎవరిది?

మామయ్య: ...మకాబీ టెల్ అవీవ్‌ది.

మేనల్లుడు: ఇజ్రాయెల్ ఎప్పుడు యుగోస్లావియాలో ఉంది మామయ్యా?

మామయ్య: నా వాదం నాకే అందించావు. వాళ్లు 2002-03లో ఒక సీజను, 2011-12లో ఇంకో సీజను ఆడారు, కప్పు పట్టుకుని వెళ్లిపోయారు. అసలు భయమే అది. డబ్బున్నవాడికి అది మజిలీ, ఊరివాడికి అదే ఇల్లు. దుబాయ్ కన్ను మొదటి నుంచీ యూరోలీగ్ మీదే, అంటే యూరప్‌లోని పెద్ద క్లబ్బులు ఆడే లీగ్ మీదే. 2025లో అందులోకి ఎక్కేసింది కూడా.

మేనల్లుడు: ఇల్లు అన్నారు, ఆ ఇంట్లో అన్నం ఎవరు తింటున్నారో చూడండి. మొదటి నాలుగేళ్లలో నాలుగు క్లబ్బులు గెలిచాయి: ఒలింపియా, జాదార్, రెఫ్లెక్స్, హెమోఫార్మ్. మరి 2014లో సిబోనా గెలిచాక 2025 దాకా? రెడ్ స్టార్, పార్టిజాన్, మధ్యలో ఒక్కసారి 2018లో బుదుచ్‌నోస్త్. బెల్‌గ్రేడ్‌లోని రెండు క్లబ్బులే కప్పును అటూ ఇటూ మార్చుకుంటుంటే మీకు అది చుట్టరికంలా కనిపిస్తోందా? దుబాయ్ మొదటి ఏడాదే సెమీఫైనల్ దాకా వచ్చింది. మూడో కృష్ణుడు ఒకడు ఉంటే మంచిదే.

మామయ్య: సెమీఫైనల్లో ఎవరి చేతిలో ఓడింది?

మేనల్లుడు: పార్టిజాన్ చేతిలో. సరే, నవ్వండి.

(మామయ్య నిజంగానే నవ్వాడు. మకాబీ దెబ్బ అప్పటికింకా మానలేదు లెండి.)

మామయ్య: నేను అడిగేది కప్పు గురించి కాదురా. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో పెద్ద స్టార్ యోకిచ్ ఎక్కడ తయారయ్యాడు? బెల్‌గ్రేడ్‌లో మెగా అనే చిన్న క్లబ్బులో. కుర్రాళ్లని తీసుకుంటారు, తప్పులు చేయనిస్తారు, మ్యాచ్‌లు ఓడిపోతారు, తర్వాత పెద్ద లీగులకి అమ్ముకుంటారు. ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో అతణ్ణి నలభై ఒకటో పేరుగా పిలిచారు. అప్పుడైనా వెంటనే అమెరికా వెళ్లలేదు, ఇంకో ఏడాది ఇదే లీగ్‌లో ఆడి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యాడు. ఆ ఒక్క ఏడాది విలువ కోచ్‌గా చేసినవాడికి తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లవాడికి జిమ్ముకంటే, వీడియోలకంటే, రోజూ తనకంటే గట్టివాళ్లతో ఇరవై నిమిషాలు కోర్టులో ఉండటం ముఖ్యం. ఇప్పుడు చెప్పు, దుబాయ్ ఎవణ్ణి తయారుచేసింది? లాత్వియా ఆటగాడు బెర్తాన్స్‌ని తెచ్చుకుంది. ఎన్‌బీఏకి వెళ్లకముందే అతను పార్టిజాన్‌లో ఆడాడు. వండింది ఒకళ్లు, వడ్డించుకున్నది మీరు.

మేనల్లుడు: క్లబ్బు పుట్టిందే 2023లో. అప్పుడే పిల్లల్ని తయారుచేయమంటే ఎలా? అదీకాక మొదటి కోచ్ గోలెమాచ్ స్లొవేనియా మనిషి, ఆటగాడు ప్రెపెలిచ్‌దీ అదే దేశం. ఆ జీతాలు బాల్కన్ వాళ్ల జేబుల్లోకే కదా పోయింది.

మామయ్య: మనుషులకి పోయింది. వాళ్ల ఊరి కోర్టుకి పోయిందా?

మేనల్లుడు: (కాస్త ఆగి) ...పోలేదు. అయినా మీరు చెప్పే పద్ధతి మెగాలాంటి క్లబ్బులదే. పార్టిజాన్, రెడ్ స్టార్ కూడా అమెరికా ఆటగాళ్లని కొనుక్కునే కదా గెలుస్తున్నాయి?

మామయ్య: అందుకే ఒక షరతు పెట్టమంటాను. బయటినుంచి వచ్చే ప్రతి క్లబ్బూ ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లని ఇద్దరిని ప్రతి మ్యాచ్‌లో ఆడించాలి. కూర్చోబెట్టడం కాదు, ఆడించడం.

మేనల్లుడు: 2025లో వియన్నా, రొమేనియాలోని క్లూజ్ కూడా చేరాయి. వాటికీనా?

మామయ్య: వాటికీ.

మేనల్లుడు: అయితే ఒప్పుకున్నా. కాకపోతే "బయటినుంచి వచ్చే" అన్న రెండు మాటలు కొట్టేయండి. పార్టిజాన్‌కీ పెట్టండి.

మామయ్య: పార్టిజాన్‌కా? యూరోలీగ్ మ్యాచ్ ఆడిన రెండో రోజునా?

మేనల్లుడు: దుబాయ్ కూడా యూరోలీగ్ ఆడుతోంది మామయ్యా.