తాతగారి సర్పికి క్లీన్ చిట్

ఒడిశాలో పర్లాకిమిడి మొదలు బరంపురం దాకా మన తెలుగు ఇళ్ల అరుగుల మీద తరచూ నడిచే కేసు ఒకటుంది. తాతగారికి నడుం మీద ఎడమవైపు సర్పి, అంటే డాక్టర్లు షింగిల్స్ అనే నీటి పొక్కుల దద్దు, లేస్తుంది. రెండు వారాలు గడిచాక టీకా వేయించుకున్న మనవడి పొట్ట మీద నాలుగు పొక్కులు కనిపిస్తాయి. విచారణ కాఫీ చల్లారేలోపే ముగుస్తుంది: టీకా దోషి, పట్టుబట్టి వేయించిన కోడలు సహదోషి, తాతగారు నిర్దోషి. పెద్దల దగ్గర్నుంచి పిల్లలకు వచ్చేది ఆస్తి, ఆశీస్సులు మాత్రమేనని అరుగు సిద్ధాంతం.

తీర్పును శిరసావహిస్తూనే రికార్డు కోసం కొన్ని సంగతులు దాఖలు చేయాలి. తాతగారికి చిన్నప్పుడు ఆటలమ్మ (చికెన్‌పాక్స్) పోసింది. అది తగ్గింది గానీ పోలేదు. వరిసెల్లా జోస్టర్ అనే ఆ వైరస్ వెన్నుపక్క నాడీ గడ్డల్లో అద్దె కట్టకుండా దశాబ్దాలు కాపురముండి, వయసుతో ఒంట్లో కాపలా సడలగానే ఒక నరం వెంట చర్మానికి దిగివచ్చింది. ఆ పొక్కుల నీళ్లలో ఉన్నది బతికున్న వైరసే. ఆటలమ్మ ఎన్నడూ రానివారికి, టీకా పడనివారికి ఆ నీళ్లు తగిలితే ఆటలమ్మ వస్తుంది, సర్పి రాదు. సర్పి ఉన్న ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ వస్తోందని బుడాపెస్టులో బోకాయ్ అనే డాక్టరు 19వ శతాబ్దం చివర్లోనే గమనించాడు. లోపల దాక్కున్న వైరసే మళ్లీ లేస్తుందని 1965లో హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు డాక్టరు వివరించాడు. ఆ కబురు మన అరుగుకు బయల్దేరింది, దారిలో ఉంది.

ఈలోగా వైద్యం ఆగదు కదా. జాజు నూరి, పొక్కుల చుట్టూ గీత గీసి, మంత్రం వేయిస్తాం. సర్పి పాములాంటిదని, నడుం చుట్టి దాని తలా తోకా కలిస్తే మనిషి దక్కడని పొద్దున్నే దారంతో కొలుస్తాం. కలవదు. వైద్యుడికి జేజేలు. సర్పి సాధారణంగా ఒక పక్క నరం పట్టునే ఉండి మధ్యగీత దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఇంత భద్రమైన వృత్తి సరిహద్దుకు ఇటూ అటూ మరొకటి లేదు. (దద్దు రెండు పక్కలకూ, ఒళ్లంతా పాకితే అది వేరే సంగతి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో అలా జరుగుతుంది, గాలి ద్వారా కూడా అంటుతుంది. అప్పుడు దారం పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తాలి.) అసలు చిక్కు జాజు ఆరడంలో ఉంది. ఆరాలంటే బనీను తీయాలి. బనీను లేని తాతగారి ఒళ్లోకి మనవడు ఎక్కుతాడు. పొక్కుల మీద గాజ్ గుడ్డ కప్పి, పైన బనీను తొడిగి, తువ్వాలు వేరు చేసి, చేతులు సబ్బుతో కడిగితే అంటుకునే ముప్పు బాగా తగ్గుతుంది. వైద్యం పేరుతో మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి.

మైల పాటించడంలోనూ మన క్రమం ఇంతే. ఆటలమ్మకు వాకిట వేపకొమ్మ కట్టి పరాయివాళ్లను రానివ్వం. అది దద్దు కనబడడానికి ఒకట్రెండు రోజుల ముందునుంచే అంటుతుంది. అప్పటికే పిల్లాడు బడికీ, పాతపట్నంలో పెళ్లికీ వెళ్లొచ్చి ఉంటాడు. సర్పి పొక్కులు లేచేదాకా అంటదు, అన్నీ పెచ్చు కట్టాక అంటదు. మధ్యలో ఉన్నది మహా అయితే వారం, పది రోజులు. ఇంత మర్యాదగా వేళలు చెప్పి వచ్చే జబ్బుకు వాకిట ఒక్క వేపాకైనా ఉండదు.

ఇక టీకా మీద అభియోగం. ముందు ఏ టీకా అని అడగాలి. ఒడియాలో అచ్చయిన కార్డు తిరగేస్తే ఎం.ఆర్. గళ్లు రెండూ నిండి ఉంటాయి, 9 నెలలు దాటాక ఒకటి, 16-24 నెలల మధ్య ఒకటి. అది తట్టుకీ రుబెల్లాకీ. ఆటలమ్మ టీకా ప్రభుత్వ జాతీయ పట్టికలో లేదు. పిల్లల డాక్టరు దగ్గర డబ్బు కట్టి వేయించుకోవాలి. మొదటిది 15 నెలలకు, రెండోది కనీసం మూడు నెలల ఎడంతో. నిజంగా రెండు డోసులూ పడి ఉంటే రక్షణ నూటికి 90 పైనే, ఒక్కటైతే 80 పైచిలుకు. మిగిలిన కొద్దిమందికి వచ్చినా సాధారణంగా 50 లోపు మచ్చలు, చాలామటుకు నీరు పట్టని ఎర్రటి దద్దుర్లు, కొద్దిపాటి జ్వరం. టీకా లేనివారికి 250 నుంచి 500 పొక్కులు. నాలుగు వచ్చాయని టీకాను బోనెక్కించినవారు, మిగతావాటిని ఎవరు ఆపారని అడగరు. రాని పొక్కులు సాక్ష్యం చెప్పలేవు.

తాతగారి పక్షాన కూడా ఒక మాట. వైరస్ సోకాక పొక్కులు రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. సర్పి లేచిన మూడోరోజునే మనవడికి వచ్చిందంటే ఆయన నిర్దోషే, బడిని విచారించండి. రెండు వారాలైతే అనుమానానికి చోటుంది, రుజువు మాత్రం కాదు. నాలుగే మచ్చలైనా మనవడూ కొంత అంటిస్తాడు, టీకా లేని పిల్లలకంటే తక్కువే అయినా. పెచ్చు కట్టేదాకా, పెచ్చు కట్టని దద్దుర్లయితే కొత్తవి రాకుండా 24 గంటలు గడిచేదాకా బడి మాన్పించాలి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, పిల్లాడికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. తాతగారికి యాసిక్లోవిర్ రకం మాత్రలు దద్దు లేచిన 72 గంటల్లో మొదలుపెడితేనే పూర్తి ఫలం. మొదటిరోజు జాజు, రెండోరోజు మంత్రం, మూడోరోజు మంగళవారం అయితే ఆ 72 గంటలు గడిచినట్టే. దద్దు ముక్కు కొసకో కంటి దగ్గరకో వస్తే వారం వర్జ్యం చూడకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇంత గొడవలో అరుగు మీద ఎవరూ పేరెత్తని మనిషి ఒకరున్నారు. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు, రేపోమాపో ఆమెకు పుట్టబోయే బిడ్డ. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో గుర్తు లేకపోతే రక్తపరీక్ష చెబుతుంది. ఆటలమ్మ టీకా బతికున్న వైరస్‌తో చేసేది కాబట్టి గర్భిణికి వేయరు; రక్షణ లేదని తేలితే వైరస్ తగిలిన పది రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే తయారు ప్రతిరక్షకాల సూది మందు) ఇవ్వాల్సి రావచ్చు. కాన్పుకు ఐదు రోజుల ముందునుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. టీకా పడని పక్కింటి పిల్లలకైతే మూడు రోజుల్లో, పోనీ ఐదు రోజుల్లో టీకా వేయించినా పనికొస్తుంది. అరుగు మాత్రం కోడలి సంజాయిషీ వినడానికి వచ్చే ఆదివారం కూర్చుంటుంది.