మొహం చూసి గీసే గడి

మా అపార్ట్‌మెంటు గేటుకి కొత్త కెమెరా బిగించినారు. వచ్చేపోయే ప్రతి మొహం చుట్టూ పచ్చటి గడి గీస్తుంది. మనిషి నడిస్తే గడీ వెంట నడుస్తుంది. దీంతో మెయింటెనెన్స్ బకాయిలు వసూలవుతాయని సెక్రటరీ గారి ఆశ. మొహం చూసి బొట్టు పెట్టే లోకంలో అందరికీ ఒకే గడి గీసే యంత్రం దొరకడం తిరుపతి చేసుకున్న పుణ్యం.

విద్య పాతదే. 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ అనే ఇద్దరు 700 మెగాహెర్ట్జ్ పెంటియమ్ త్రీ చిప్పున్న కంప్యూటర్ మీద సెకనుకి 15 ఫ్రేముల్లో మొహాలు వెతికించారు. కిటుకు వింటే నవ్వొస్తుంది: కళ్లున్న చోటు బుగ్గలకన్నా నల్లగా ఉంటుంది, నడుమ ముక్కుదూలం తెల్లగా మెరుస్తుంది. బొమ్మలో ప్రతి ముక్కకీ ముందు ఈ పరీక్షే. తప్పితే అక్కడే గెంటేస్తారు, నెగ్గితే ఇంకో పరీక్ష, ఆపైన ఇంకోటి. కంపార్టుమెంటు తర్వాత కంపార్టుమెంటు దాటి దర్శనానికి పోయే మనకి ఇదేమంత కొత్త?

అంతకు మూడేళ్ల ముందు, 1998లో, గ్యారీ బ్రాడ్‌స్కీ చర్మం రంగు పట్టుకుని మొహం వెంటపడే పద్ధతి చెప్పాడు. పాపం, ఆయన కల్యాణకట్ట చూసి ఉండడు. గుండు చేయించుకున్నవాడికి మొహం ఎక్కడ ముగిసి నడినెత్తి ఎక్కడ మొదలవుతుందో రంగెట్లా చెబుతుంది? ఆపైన చందనం పూత ఒకటి.

గడి గీసేది మొహం ఉందని చెప్పడానికే, ఎవరిదో చెప్పడానికి కాదు. అది వేరే విద్య, వేరే బిల్లు (2023లో కొండమీద టీటీడీ ప్రయోగంగా మొదలుపెట్టింది ఆ రకం). ఈ తేడా సెక్రటరీ గారికి కెమెరా బిగించినాకే తెలిసింది.

పైగా యంత్రానికి మొహం నేరుగా కావాలి. మూడో అంతస్తాయన ఆరు నెలల బాకీ. గేటు దాటేంతసేపూ పక్కగోడ మీది స్వామివారి క్యాలెండర్‌నే భక్తిగా చూస్తా పోతాడు. గడి పడదు. మొహం చాటేయడంలో మనవాళ్ల సాధన ముందు, బొమ్మని ముక్కముక్కగా వెతికే ఆ 24 పిక్సెళ్ల (చుక్కల) కిటికీ ఎంత!

గడి తప్పకుండా పడేది ఎదురుగా ఉన్న పుట్టినరోజు ఫ్లెక్సీకే. పన్నెండుమంది నాయకులు, అందరివీ నేరుగా చూసే మొహాలు, కదలరు, నవ్వు చెదరదు. యంత్రం లెక్క ప్రకారం మా వీధిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నది వాళ్లే. ఫ్లెక్సీ కింద గుంత మాత్రం ఇంకా వాళ్ల కంటపడలేదు. బకాయి నోటీసులేవో వాళ్ల పేరనే పంపితే పోలా అని మీటింగులో అన్నాను. ఎవరూ నవ్వలేదు, మినిట్స్‌లో రాసుకున్నారు.

మొన్న సెక్రటరీ గారు కొండకి పోయి తలనీలాలు ఇచ్చొచ్చారు. జుట్టుతో యంత్రానికి పనిలేదు గదా, గడి ఠక్కున పడింది. వాచ్‌మన్ మాత్రం గేటుకి అడ్డం నిలబడినాడు.

"యాడికి సామీ? ఈడ రూములు ఇయ్యరు."