సౌర కణాలు నేరుగా వచ్చి పడితే సరిపోదు

సూర్యుడి నుంచి వచ్చిన కణాలు నేరుగా ధ్రువాల మీద పడి అరోరాను (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగును) వెలిగిస్తాయని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. ఇది సగమే నిజం. డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే అపోహ కూడా ఇదే. సౌర పవనంలో, అంటే సూర్యుడి నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహంలో, ఎలక్ట్రాన్ల శక్తి మామూలుగా పది ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటుంది. తెరలా కనిపించే అరోరాను వెలిగించే ఎలక్ట్రాన్లది వేలల్లో ఉంటుంది. అంటే మధ్యలో ఏదో ఒకటి వాటిని గట్టిగా తోయాలి. ఆ పని భూమి అయస్కాంత ఆవరణంలోనే, అంటే భూమి చుట్టూ దాని అయస్కాంత ప్రభావం ఉండే ప్రాంతంలోనే జరుగుతుంది. తోసేవాటిలో ఒకటి, 1942లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త హన్నెస్ ఆల్ఫ్‌వెన్ సిద్ధాంతరీత్యా చెప్పిన తరంగాలు. మీటిన వీణ తీగలో కంపనంలా ఇవి అయస్కాంత రేఖల వెంబడి సాగుతాయి. మామూలు ఆల్ఫ్‌వెన్ తరంగంలో రేఖ వెంబడి విద్యుత్ క్షేత్రం ఉండదు, కాబట్టి అది ఎలక్ట్రాన్‌ను ముందుకు నెట్టలేదు. కానీ రేఖకు అడ్డంగా దాని తరంగదైర్ఘ్యం బాగా కుంచించుకుపోతే ఎలక్ట్రాన్ల జడత్వం లెక్కలోకి వస్తుంది. అప్పుడు తరంగ వేగం ఆ దైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది (ఇలాంటి తరంగాన్ని ‘డిస్పర్సివ్’ అనేది అందుకే), రేఖ వెంబడి విద్యుత్ క్షేత్రమూ పుడుతుంది. ఇంచుమించు తరంగ వేగంతోనే పోతున్న ఎలక్ట్రాన్లు దాని నుంచి శక్తి లాక్కుంటాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న పొడవాటి ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) యంత్రంలో దీన్ని కొలిచి, 2021లో ఫలితాలు ప్రచురించారు కూడా. అలాగని అన్ని అరోరాలకూ ఇదే కారణమని నేను అనను. విల్లులా వంగి కదలకుండా నిలిచే అరోరా చాపాల్లో చాలావాటికి స్థిరమైన వోల్టేజి తేడాయే కారణం, అక్కడ ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకే శక్తితో దిగుతాయి. తరంగాలు తోసినప్పుడు మాత్రం తక్కువ శక్తివీ ఎక్కువ శక్తివీ కలగాపులగంగా వస్తాయి. అరోరాను పరిశీలించడానికి నాసా 1996లో పంపిన ఫాస్ట్ ఉపగ్రహం ఈ రెండు రకాలనూ నమోదు చేసింది.