అలకపాన్పు మీద పెట్టుబడి

2030కల్లా 30 కోట్ల మంది ఆఫ్రికన్లకు కరెంటు ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి బయల్దేరాయి. 2025 జనవరిలో టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో దేశాధినేతల్ని కూర్చోబెట్టి మరీ ప్రతిజ్ఞ చేయించాయి. సంతోషం. నా గొడవల్లా ఒక్క మాటతోనే: డీ-రిస్కింగ్, అంటే పెట్టుబడి పెట్టేవాడికి నష్టభయం లేకుండా చేయడం. చీకట్లో ఉన్నవాడి ఊసు ఒకసారి వస్తే, పెట్టుబడి పెట్టేవాడి భయం పదిసార్లు వస్తుంది. పాపం, ఆయనకు భయమట!

మన ఇళ్లలో దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. అలకపాన్పు.

అల్లుడుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. బ్యాంకువారు విసనకర్ర పట్టుకున్నారు. ఆర్థిక మంత్రి కాళ్ల దగ్గర కూర్చున్నారు.

"ఏం లోటొచ్చింది బాబూ?"

"మీ రూపాయి పడిపోతేనో?"

"డాలర్లలోనే ఇచ్చుకుంటాం."

"నేను కరెంటు తయారుచేశాక మీరు వాడకపోతేనో?"

"వాడకపోయినా ఇచ్చుకుంటాం."

"అసలు మీ దగ్గర లేకపోతేనో?"

"బ్యాంకువారు హామీ ఉంటారు బాబూ. వాళ్ల బాకీ మా మనవలు తీరుస్తారు."

అల్లుడుగారు ఒక కన్ను తెరిచి, మళ్లీ మూశారు. మనసింకా కుదుటపడలేదట. ఇంతకీ పెళ్లి కాలేదండోయ్, ఇవి పెళ్లిచూపులే!

కట్టుకథ అనుకునేరు. ఘనాలో కరెంటు కోతల్ని 'డుమ్‌సోర్' అంటారు, ఆరడం-వెలగడం అని. కోతలు భరించలేక ప్రైవేటు ప్లాంట్లతో హడావిడిగా ఒప్పందాలు రాసుకున్నారు. అక్కర్లేని కరెంటు సామర్థ్యానికి ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా కడుతున్నామని 2019లో వాళ్ల ఆర్థిక మంత్రే లెక్క విప్పాడు. అదే ఏడాది మార్చిలో, అమెరికా సాయం ఒప్పందంలో భాగంగా, కరెంటు పంపిణీని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. ఆ కంపెనీ తెచ్చిన హామీపత్రాలు చెల్లవని తేలింది. అక్టోబరులో ఒప్పందం రద్దయింది. అమెరికా ఇస్తానన్న 19 కోట్ల డాలర్లు వెనక్కి లాక్కుంది. అల్లుడి కాగితం చెల్లకపోతే జరిమానా మామగారికి!

ఇక ఈ పెట్టుబడులతో వస్తాయంటున్న కుర్రాళ్ల ఉద్యోగాలు. వర్ధమాన దేశాల్లో పదేళ్లలో 120 కోట్ల మంది పని వయసుకొస్తారని, ఉద్యోగాలు మాత్రం 42 కోట్లేనని ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగానే అంటుంటారు. మిగతావాళ్లకు శిక్షణ, శిక్షణకో సర్టిఫికెట్. లామినేషన్ ఎవరి ఖర్చు వారిది.

ఇక నవ్వు రావడం లేదు. ఎందుకంటే ఈ పాన్పు మన ఇంట్లోనూ వేశారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచ బ్యాంకు అప్పు 21 కోట్ల డాలర్లు. సంస్కరణ పేరుతో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. మరుసటేడు ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపారు. ముగ్గురు పోయారు. బిల్లు కట్టలేమని చెప్పడానికి వచ్చినవాళ్లు! అప్పిచ్చినవాడికి రిస్కు లేదు, సంతకం పెట్టినవాడికి లేదు. ఆ రిస్కంతా రోడ్డు మీద నిలబడ్డవాళ్ల ఒంట్లోకి దిగింది. దాన్ని ఏ నివేదికలో, ఏ గడిలో రాసుకున్నారయ్యా మీరు?