అది సరే, మెయిన్ ఏంటమ్మా?

నిన్న, ఆస్ట్రియాలో నేను వయొలిన్ చదువుతున్న సాల్జ్‌బర్గ్ పక్కనున్న సరస్సుల ఊళ్ళు చూసొచ్చి, రాత్రి ఫ్యామిలీ గ్రూపులో నాలుగు ఫొటోలు పెట్టాను. పెట్టీ పెట్టగానే మా పెదనాన్న మెసేజ్: "చదువుకోడానికి పంపారా, షికార్లు కొట్టడానికా?" చివర్లో ఒక దణ్ణం బొమ్మ. ఆ దణ్ణం ఎవరికో, ఎందుకో ఆయనకే తెలియాలి. దాని కింద ఇద్దరు బాబాయిలు, ఒక మావయ్య బొటనవేలు ఎత్తి ఊరుకున్నారు.

ఇదే గ్రూపులో మొన్నీమధ్య ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, డాలస్‌లో ఎమ్మెస్ వెలగబెడుతున్నవాడు, లాస్ వేగాస్ వెళ్ళి ఫొటోలు పెట్టాడు. "సూపర్ నాన్నా, చదువుతో పాటు రిలాక్సేషన్ కూడా ఉండాలి" అన్నది ఎవరనుకున్నారు? ఈయనే. వాడు వెళ్ళింది విమానంలో. నేను వెళ్ళింది రైల్వేస్టేషన్ ముందు ఆగే 150 నంబరు బస్సులో, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని. వాడిది రిలాక్సేషన్, నాది షికారు. ఇంజినీరింగ్ చదివేవాడు అలిసిపోతాడు, వయొలిన్ వాయించేది ఏం పని చేస్తుంది పాపం.

అసలు అది షికారు కూడా కాదు. ఈ సెమిస్టర్ నేను మోట్సార్ట్ ఇ మైనర్ సొనాటా వాయిస్తున్నాను. 1778లో రాసింది. ఆ ఏడాది జులై 3న ప్యారిస్‌లో మోట్సార్ట్ వాళ్ళమ్మ చనిపోయింది, కొడుకు పక్కనే ఉన్నాడు. ఆ రెండో భాగం వాయిస్తుంటే మా ప్రొఫెసర్ మధ్యలో ఆపి, ఆవిడ పుట్టిన ఊరు గంట కూడా దూరం లేదు, ఎప్పుడైనా వెళ్ళి చూసి రా అన్నారు. ఆ ఊరే సెయింట్ గిల్గెన్. బస్సు ఫుష్ల్ సరస్సు దాటి, కొండ ఎక్కి, మలుపు తిరిగితే కింద వోల్ఫ్‌గాంగ్ సరస్సు మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. బస్సులో అందరూ ఫోన్లు తీశారు, నేనూ తీశాను. ఆ ఫొటోనే పెదనాన్న గారి కంట్లో పడింది.

ఇప్పుడు ఆ ఊరి సంగతి చెప్పాలి, నా కడుపుమంట అక్కడే మొదలైంది.

సరస్సు ఒడ్డునే ఒక పాత ఇల్లుంది. మోట్సార్ట్ తాతగారు ఆ ప్రాంతానికి అధికారి, ఆ ఇంట్లోనే 1720లో వాళ్ళమ్మ అన్నా మరియా పుట్టింది. సరే, ఆ ఊళ్ళో ఎవరి విగ్రహం ఉండాలి? టౌన్‌హాల్ ముందు ఫౌంటెన్ మీద చిన్న మోట్సార్ట్ వయొలిన్ పట్టుకుని నిలబడి ఉంటాడు, 1927లో పెట్టారు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో అడుగే పెట్టలేదు! పుట్టిన తల్లికి, బతికిన అక్కకి ఇంటి గోడ మీద ఒక బొమ్మ. రానివాడికి ఊరి నడిబొడ్డున ఫౌంటెన్. మన దగ్గర మాత్రం ఏం తక్కువ, పెళ్ళి చేసేది ఆడపిల్ల తల్లి, ఫొటోల్లో ముందు వరసలో కూచునేది ఏనాడూ గడప తొక్కని చుట్టం.

అక్క అన్నాను కదా, నానెర్ల్. అసలు పేరు మరియా అన్నా, తమ్ముడి కంటే నాలుగున్నరేళ్ళు పెద్ద. 1759లో తండ్రి లియోపోల్డ్ ఆమెకి కీబోర్డు నేర్పడానికి చేత్తో పాఠాల పుస్తకం రాసిచ్చాడు. ఆ పుస్తకం చూసే తమ్ముడు కూడా నేర్చుకున్నాడు. మళ్ళీ చదవండి: పుస్తకం అక్కది. చిన్నప్పుడు మ్యూనిక్, ప్యారిస్, లండన్ అంతా ఇద్దరినీ కలిపే తిప్పాడు, ఆమె వాయిస్తుంటే జనం నోళ్ళు తెరిచి విన్నారు. 1769లో ఇటలీ బయల్దేరేటప్పుడు మాత్రం కొడుకొక్కణ్ణే తీసుకెళ్ళాడు. ఆమెకి పద్దెనిమిదేళ్ళు, ఇంట్లో ఉండిపోయింది. ఆమె రాసి పంపిన పాట చూసి, ఇంత బాగా రాయగలవా అని తమ్ముడు ఇటలీ నుంచి ఉత్తరం రాశాడు. ఆ పాట ఇప్పుడు లేదు. ఆమె రాసినది ఒక్కటీ మిగల్లేదు. తమ్ముడిది చిన్నప్పటి పిచ్చిగీతతో సహా అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉంది.

1784లో పెళ్ళి చేశారు. వరుడికి అప్పటికే ఇద్దరు భార్యలు పోయారు, ఐదుగురు పిల్లలు. ఉద్యోగం ఏంటో తెలుసా, ఒకప్పుడు తాతగారు చేసిన ఉద్యోగమే. అంటే తల్లి పుట్టిన ఇంటికే కాపురానికి వచ్చింది. లండన్‌లో చప్పట్లు కొట్టించుకున్న మనిషి, సరస్సు ఒడ్డున సవతి పిల్లల్ని పెంచుతూ కూచుంది. 1801లో భర్త పోయాక సాల్జ్‌బర్గ్ తిరిగొచ్చి పియానో పాఠాలు చెప్పుకుంది. ఆ ఇంట్లో ఇవన్నీ రాసిన బోర్డు ముందు నేను నిలబడి ఉంటే, వెనక ఒకాయన భార్యతో "ఓ, ఈవిడ కూడా వాయించేదా" అన్నాడు ఇంగ్లీషులో. కూడా!

బాడ్ ఇష్ల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బస్సు దిగి రైలెక్కడానికి ఆగాను. కంపోజర్లు బ్రామ్స్ వేసవులు గడిపిన ఊరు, లెహార్ ఇల్లున్న ఊరు. ఆస్ట్రియా చక్రవర్తి గారు 1914లో, మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసిన యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టిన ఊరు కూడా ఇదే. హాయిగా చల్లగాలికి వచ్చి ప్రపంచాన్ని తగలబెట్టి వెళ్ళాడు, ఆయన్ని ఎవరూ షికార్లా అని అడగలేదు. అక్కడి కేకు బాగుంది, ధర బాగాలేదు.

అక్కణ్ణుంచి హాల్‌స్టాట్. రైలు దిగితే స్టేషన్ ఈ ఒడ్డున, ఊరు ఆ ఒడ్డున, మధ్యలో పడవ. ఊళ్ళో ఉండేది ఎనిమిది వందల మంది కూడా కాదు, సీజన్లో ఒక్కరోజుకి పదివేల మంది దాకా వచ్చి పడతారట. చైనావాళ్ళు 2012లో ఈ ఊరిని మక్కీకి మక్కీ కట్టేసుకున్నారు, అయినా రద్దీ తగ్గలేదు. 2023లో ఊరివాళ్ళు సెల్ఫీలు ఆపడానికి చెక్కలతో గోడ కట్టి, గొడవయితే తీసేశారు. వాళ్ళ బాధ నాకు పడవలోనే అర్థమైంది, ఎందుకంటే పడవ నిండా మనవాళ్ళే. ప్యాకేజీ టూర్.

ఒకావిడ నన్ను చూసి "తెలుగేనా అమ్మా?" అని పక్కన కూర్చోబెట్టుకుంది. జిప్ కవర్లోంచి చేగోడీలు తీసి పెట్టింది. కరకరలాడుతున్నాయి, వాము కాస్త ఎక్కువైంది, అయినా ఎన్నాళ్ళైందో తిని. కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది. అప్పుడు అడిగింది, "ఏం చదువుతున్నావు?"

"సంగీతమండి. వయొలిన్."

"అది సరే, మెయిన్ ఏంటమ్మా?"

అదేనండీ మెయిన్ అన్నాను. ఆవిడ కాసేపు సరస్సు వంక చూసి, "ఫర్లేదులే, స్కూల్లో టీచరుగానైనా తీసుకుంటారు" అని నాకే ధైర్యం చెప్పింది. వెంటనే వాళ్ళాయన, "ఇక్కడ మన సినిమా పాట ఏదో తీశారంటగా, ఎక్కడ?" ఈ దేశానికి సంగీతం వాయించడానికి కాదు, పాటకి స్టెప్పులెయ్యడానికి వస్తే గౌరవం. చేగోడీ మీద కోపం లేదు. ఆవిడ మీద కూడా నిజంగా లేదు. ఇంకో రెండు పెట్టింది.

పక్కనే ఆటర్ సరస్సు మీద స్టైన్‌బాఖ్ అని ఇంకో ఊరుంది. నిన్న కుదరలేదు. అక్కడ మాలర్ అనే కంపోజర్ నీటి అంచునే చిన్న గది కట్టించుకుని, వేసవుల్లో కూచుని మూడో సింఫనీ రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ చప్పుడు కాకుండా చూసుకోవడం ఇంట్లో ఆడవాళ్ళ డ్యూటీ. అంతవరకూ సరే అనుకుందాం. ఈయనే 1901 డిసెంబరులో పెళ్ళాడబోయే ఆల్మాకి పేజీలకి పేజీలు ఉత్తరం రాశాడు. ఇంట్లో ఇద్దరు కంపోజర్లు కుదరదు, నువ్వు రాయడం మానెయ్యాలి అని. ఆమె అప్పటికే పాటలు రాస్తోంది, పెద్ద గురువు దగ్గర నేర్చుకుంటోంది. మానేసింది. 1910లో కాపురం మునిగే వేళకి అవే పాటలు బయటికి తీయించి, అబ్బ ఎంత బాగున్నాయో అని అచ్చు వేయించాడు. గదికి వెళ్ళి దణ్ణం పెట్టాలా, తలుపు మీద ఒకటి తన్నాలా అన్నది వచ్చే నెల తేల్చుకుంటాను.

ఇదంతా పెదనాన్నకి ఎందుకు చెప్పాలంటే, ఆయనకి ఇది బాగా తెలిసిన కథే కాబట్టి.

మా అమ్మది విజయనగరం. వయొలిన్‌లో డిప్లొమా చేసింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తిరిగిన ఊరి పిల్లండీ అని సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు గొప్పగా చెప్పుకున్నది మా పెదనాన్నే. పెళ్ళిచూపుల్లో "ఏదీ, ఒక కీర్తన వాయించమ్మా" అని అడిగిందీ ఆయనే. అమ్మ వాయించింది, ఈయన తొడ మీద తాళం వేశాడట. పెళ్ళయిన మరుసటి ఏడాది అమ్మకి గుళ్ళో ఉత్సవాలకి కచేరీ వచ్చింది. "మనింటి కోడళ్ళు వేదికలెక్కడం ఏంటి, పిల్లలకి నేర్పుకో చాలు" అన్నదీ ఆయనే. వయొలిన్ పెట్టె అటక మీదికి వెళ్ళింది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ దాన్ని దింపితే తీగలు తుప్పు పట్టి, కమాను వెంట్రుకలు పురుగు తినేసి ఉన్నాయి. లోపల మడతపెట్టిన పట్టుగుడ్డ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ వయొలిన్ మీదే నాకు సరళీ స్వరాలు మొదలుపెట్టింది. పిల్లలకి నేర్పుకోమన్నారు కదా, నేర్పింది. ఇప్పుడు ఆ పిల్ల ఆస్ట్రియాలో ఉంటే షికార్లా అంటారు.

నిన్న గ్రూపులో అమ్మ ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు విడిగా ఫోన్ చేసి, "ఆ మోట్సార్ట్ అక్క రాసిన పాట ఒక్కటైనా దొరకలేదా?" అని అడిగింది.

ఇంకోటుంది, ఇదైతే మరీను. అన్నయ్య పెళ్ళి కుదిరింది. పొద్దున్న లేచేసరికి అదే పెదనాన్న విడిగా మెసేజ్ పెట్టారు: "రిసెప్షన్‌లో ఒక అరగంట వయొలిన్ వాయించెయ్ తల్లీ, పెళ్ళివాళ్ళకి ఫారిన్‌లో నేర్చుకుంటోందని చెప్పాం." రాత్రి షికారు, పొద్దున్నకి ఫారిన్ సంగీతం. డీజేకి ఎంత ఇస్తున్నారో, డ్రోన్ కెమెరావాడికి ఎంత ఇస్తున్నారో నాకు తెలుసు, ఎందుకంటే అది కూడా ఈయనే గ్రూపులో గొప్పగా పెట్టుకున్నారు.

జవాబు ఇచ్చేశాను. వాయిస్తాం పెదనాన్నా, నేనూ అమ్మా ఇద్దరం, గంటసేపు. డీజేకి ఇచ్చినంత ఇద్దరికీ విడివిడిగా, సగం అడ్వాన్సు. అమ్మది అమ్మ అకౌంటుకే వెయ్యండి, నాన్నది కాదు. నా విమానం టికెట్ వేరే. మేం వాయిస్తున్నంతసేపూ భోజనాల దగ్గర మైకు ఆపించండి.

నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు లేదు.