మదురా పాదం 8,763 మందికే వచ్చిందా?

చెన్నైలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చూశాను, మా ఊరివాళ్ల గ్రూపులోనూ చూశాను. అందులో ఉన్నది ఇదీ: "మదురా పాదం అనే ఫంగస్ జబ్బు గురించి ఎవరూ కంగారు పడవద్దు. అది ఆఫ్రికా ఎడారుల జబ్బు. ప్రపంచమంతా కలిపి 8,763 మందికే వచ్చింది. చెప్పులు వేసుకునేవారికి రాదు. కానీ అంటువ్యాధి, వచ్చినవారిని దగ్గరికి రానివ్వకండి. మందు లేదు, కాలు తీసేయడమే."

ఈ నగరంలో ఒక ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. వైద్యులు మైసెటోమా అని రాసే ఈ జబ్బు నమూనాలు నా బల్ల మీదికీ వస్తుంటాయి. అందుకే ఈ సందేశాన్ని చూసి ఊరుకోలేకపోయాను. ముందుగా ఆ అంకె సంగతి చూద్దాం, మిగతా మాటలన్నింటికీ బలం ఇచ్చింది అదే కాబట్టి.

8,763 కల్పించిన అంకె కాదు. నెదర్లాండ్స్ పరిశోధకురాలు వెండీ వాన్ డి సాండె 2013లో ప్రచురించిన వ్యాసంలో ఉంది. వివిధ దేశాల వైద్యులు అంతకుముందు రాసిన 50 అధ్యయనాలను ఆమె ఒకచోట చేర్చి, వాటిలోని రోగులను కూడారు. ఆ కూడికే ఇది. ఒక రైతు కూలి ఆ లెక్కలోకి ఎక్కాలంటే ఎన్ని జరగాలో ఆలోచించండి. ఊరు దాటి పెద్దాసుపత్రికి రావాలి. అక్కడ జబ్బును సరిగ్గా పోల్చుకోవాలి. ఆ వైద్యుడు తన రోగుల వివరాలన్నీ కూర్చి వ్యాసం రాయాలి. అది అచ్చవ్వాలి. ఇన్ని గడపలు దాటినవారి సంఖ్యను పట్టుకుని జబ్బు వచ్చినవారు ఇంతేనని ప్రచారం చేయడం ఘోరమైన తప్పు.

ఎంత తప్పో సూడాన్‌ను చూస్తే తెలుస్తుంది. ఖార్టూమ్‌లో 1991లో ఈ జబ్బు కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఆ ఒక్క కేంద్రంలోనే తొమ్మిది వేల మందికి పైగా రోగులు నమోదయ్యారు. ప్రపంచం మొత్తానికీ ఇంతేనని సందేశం చెబుతున్న సంఖ్యను ఒకే నగరంలోని ఒకే కేంద్రం దాటేసింది. ఇంకో సంగతి. 2013 నాటి ఆ వ్యాసం ప్రకారం సూడాన్‌లో ఈ జబ్బు లక్ష మందిలో 1.81 మందికి ఉంది. అదే దేశంలో వైట్ నైల్ రాష్ట్రంలోని అల్ అందలస్ అనే గ్రామంలో సర్వే చేస్తే వెయ్యి మందిలో 14.5 మందికి ఉన్నట్టు తేలింది. జబ్బు ఎక్కువని తెలిసిన ఊరు కాబట్టి దాన్ని దేశమంతటికీ కొలతగా తీసుకోకూడదు, ఒప్పుకుంటాను. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా దాదాపు ఎనిమిది వందల రెట్లు. ఆసుపత్రిలో కూర్చుని లెక్కపెట్టడానికీ ఊళ్లోకి వెళ్లి వెతకడానికీ ఉన్న దూరం అంత.

మన దేశంలో వెతికేవారు ఎవరు? కుష్ఠు వ్యాధికి జాతీయ కార్యక్రమం ఉంది, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మచ్చలు చూస్తారు, కాబట్టి ఏటా లెక్క తేలుతుంది. మదురా పాదానికి అలాంటి ఏర్పాటు లేదు. నేను రాసిన రిపోర్టు రోగి ఫైల్లోకి వెళుతుంది, అక్కడితో ఆగిపోతుంది. ఈ జబ్బు ఇంతమందిలో కనిపించిందని నన్ను ఏ ప్రభుత్వ కార్యాలయమూ అడగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది కూడా 2016లోనే. ఇప్పుడు ఖార్టూమ్ కేంద్రం కూడా లేదు. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో ఆ భవనం ధ్వంసమైంది, దశాబ్దాలుగా దాచిన నమూనాలు పోయాయి. రేపు సూడాన్ అంకెలు తగ్గితే దాన్ని జబ్బు తగ్గినట్టుగా ఎవరూ చదవకూడదు.

ఇక "ఆఫ్రికా ఎడారుల జబ్బు" అన్న మాట. చెన్నైలో కూర్చుని ఈ మాట అనడం నాకు మరీ బాధ కలిగించింది. 1842లో గిల్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించి రాసింది మన పక్కనున్న మదురైలోనే. 1860ల్లో ఇది ఫంగస్ వల్ల వస్తోందని బొంబాయిలో నిరూపించినవాడు హెన్రీ వాండైక్ కార్టర్. వైద్య విద్యార్థులు తరతరాలుగా చదివే 'గ్రేస్ అనాటమీ'కి బొమ్మలు గీసింది కూడా ఆయనే. దక్షిణాన 15 డిగ్రీల నుంచి ఉత్తరాన 30 డిగ్రీల అక్షాంశం దాకా ఉన్న నేలను ఈ జబ్బు పట్టీ అంటారు. సూడాన్, సెనెగల్, మారిటేనియా, యెమెన్, మెక్సికో, వెనిజులాతో పాటు భారతదేశమూ అందులోదే. చెన్నై 13 డిగ్రీల దగ్గర ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా ఆ పట్టీలోనే ఉన్నాయి.

చెప్పుల మాటలో సగం నిజం ఉంది. ఈ సూక్ష్మజీవులు మట్టిలో ఉంటాయి. ముల్లో, పుల్లో, రాయో గుచ్చుకున్నప్పుడు చర్మం కిందికి దిగుతాయి. అందుకే ఎక్కువమందికి పాదంలోనే వస్తుంది, చెప్పులు వేసుకుంటే ముప్పు తగ్గుతుంది. కానీ పల్చని రబ్బరు చెప్పును తుమ్మ ముల్లు ఎంత సులువుగా దించేస్తుందో పొలం పని చేసినవారికి చెప్పనక్కరలేదు. పైగా చేతికీ, మోకాలికీ, తలకూ వస్తుంది. మెక్సికోలో కట్టెలు మోసేవారి వీపు మీద వస్తుంది. గుమ్మిడిపూండి వైపు ఇటుక బట్టీల్లో, కోయంబేడు మార్కెట్లో బరువులు మోసేవారిని తలచుకుంటే, చెప్పులు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండమని నేను మాత్రం చెప్పలేను.

అంటువ్యాధి అన్నది పచ్చి అబద్ధం. ఇది మనిషి నుంచి మనిషికి సోకదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే ఇద్దరూ ఒకే నేలలో పని చేస్తున్నారని అర్థం. సూళ్లూరుపేట వైపు నుంచి లోకల్ రైల్లో వచ్చిన ఒక పెద్దాయన పరీక్ష గది బయట బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కూర్చోండి అంటే, "వద్దమ్మా, ఇంట్లోనే నా కంచం వేరు" అన్నాడు. ఈ సందేశాన్ని ముందుకు పంపినవారు ఆ కంచం గురించి ఒక్కసారి ఆలోచించాలి.

"మందు లేదు, కాలు తీసేయడమే" అన్న మాట అన్నింటికన్నా ప్రమాదకరమైనది. దాన్ని నమ్మినవారు భయంతో ఆసుపత్రికే రారు.

ఆ పెద్దాయన పాదం మడమ దగ్గర ఉబ్బి గట్టిపడి ఉంది. పైన చిన్న చిన్న రంధ్రాలు, వాటి నుంచి రసి. ముందు రోజు కట్టిన గాజుగుడ్డను విప్పితే, ఆవగింజ కన్నా చిన్నవి, పసుపు కలిసిన తెల్లటి గింజలు దానికి అంటుకుని ఉన్నాయి. వాటిని పట్టకారుతో ఏరి, సెలైన్‌లో కడిగి, రెండు గాజు పలకల మధ్య నలిపి మైక్రోస్కోపు కింద పెడతాం. దారాలు లావుగా, గదులు గదులుగా కనిపిస్తే ఫంగస్. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా, రంగు పట్టిన దారాలు చిక్కుపడినట్టుంటే బాక్టీరియా. అవును, ఈ జబ్బు రెండు రకాలు, రెండింటికీ మందులు వేరు. నల్ల గింజలైతే దాదాపుగా ఫంగసే. తెల్లవాటిని చూసి మాత్రం చెప్పలేం, పరీక్షలోనే తేలాలి.

ఆయనకు ఉన్నది బాక్టీరియా రకం. దానికి కోట్రైమాక్సజోల్ మాత్రలు, అమికాసిన్ ఇంజెక్షన్లు కలిపి ఇచ్చే పద్ధతిని మెక్సికో వైద్యుడు ఒలివెరియో వెల్ష్ 1980ల్లోనే చూపించారు. నెలల తరబడి వాడాలి కానీ ఎక్కువమందికి నయమవుతుంది. రెండూ మన దగ్గర మామూలుగా దొరికే మందులే. ఫంగస్ రకం మొండిది. ఇట్రాకొనజోల్ మాత్రలు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి, గడ్డను ఆపరేషన్‌తో తీయాల్సి రావచ్చు. కూలి మీద బతికేవారికి అది మోయలేని ఖర్చు. రోజూ కాకుండా వారానికోసారి వేసుకునే ఫోస్రావుకొనజోల్‌ను ఖార్టూమ్ కేంద్రంలో 2017 నుంచి రోగులపై పరీక్షించారు. అది ఇట్రాకొనజోల్‌కు దాదాపు దీటుగా పనిచేసిందని 2024లో ఫలితాలు వచ్చాయి.

కాలు తీయాల్సి వస్తున్నవారూ ఉన్నారు. జబ్బు ఎముకలోకి దిగేదాకా రానివారు వారిలో ఎక్కువ. ఎందుకు రారంటే నొప్పి ఉండదు. ముల్లు గుచ్చుకున్న సంగతే మరిచిపోయిన ఎన్నాళ్లకో చిన్న గడ్డ లేస్తుంది. మొదట ఆనె అనుకుంటారు, తర్వాత బోదకాలు అనుకుంటారు, ఎముక క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగినవారూ ఉన్నారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన తామర క్రీము రాసుకుంటూ కాలం గడిపేవారూ ఉన్నారు.

కాబట్టి ఆ సందేశం పంపిన గ్రూపుల్లోనే ఇది కూడా పంపండి: నొప్పి లేని గట్టి వాపు, దాని మీద రంధ్రాలు, రసిలో నలుపు, తెలుపు, పసుపు లేదా ఎరుపు గింజలు. ఈ మూడూ కనిపిస్తే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లాలి. గడ్డ లోపలి నుంచి ముక్క తీసి ఫంగస్‌కూ బాక్టీరియాకూ పరీక్ష చేయమని అడగాలి. వెళ్లేటప్పుడు పుండు మీది కట్టును పారేయకుండా శుభ్రమైన సంచిలో పెట్టి తీసుకువెళ్లాలి. మాకు కావలసిన గింజలు చాలాసార్లు దాని మీదే దొరుకుతాయి.