ఎనీడెస్క్ ఐడీ పంపండి సార్

ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌తో పని చేసేవాళ్లకి ఈ మాట చెవిన పడితే చాలు, బీపీ పెరుగుతుంది. ఎనీడెస్క్ అంటే అవతలివాళ్లు దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే యాప్. నాకైతే మొన్న సెప్టెంబరు నుంచీ మరీను.

విజయవాడలో ఒక మందుల ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. మందుల బిల్లంటే మామూలు బిల్లు కాదు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, పదికి ఒకటి ఫ్రీ స్కీము, అన్నీ ఒక్క లైన్లో ఇరికించాలి. ట్యాలీ ఇచ్చే ఫార్మాట్ మా ఓనరు గారికి నచ్చక, మూడేళ్ల కిందట బయట ఒకాయన చేత టీడీఎల్, అంటే ట్యాలీని మనకి కావాల్సినట్టు మార్చే కోడ్, రాయించాం. బిల్లు ఎంత ముచ్చటగా వచ్చేదంటే పక్క ఏజెన్సీ వాళ్లు కూడా నా దగ్గర ఆయన నంబరు తీసుకున్నారు. (ఇప్పుడు వాళ్లు నాతో సరిగా మాట్లాడట్లేదు.)

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శ్లాబులు ఎత్తేస్తున్నట్టు చెప్పింది. మందులు చాలావరకు 12 నుంచి 5 శాతానికి దిగాయి. అమలు 22 నుంచి, దసరా నవరాత్రులు మొదలైన సోమవారం. ముందురోజు ఆదివారమైనా కూర్చుని ఐటమ్‌లన్నిటికీ రేట్లు మార్చాను. పొద్దున్నే మొదటి బిల్లు కొట్టాం. స్క్రీన్ మీద అంతా కరెక్టే. సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర. కాగితం మీద మాత్రం, అడుగున సరుకు కోడ్ల వారీగా పన్ను చూపే హెచ్‌ఎస్‌ఎన్ పట్టికలో, మందుల కోడ్ 3004 ఎదురుగా 6, 6 అని ఉంది, అంటే పాత 12 శాతమే. పదివేల సరుక్కి పన్ను పైన 500, కింద 1,200!

రేటుని ట్యాలీలో నేను మార్చిన ఐటమ్ వివరాల్లోంచి లాగాల్సింది పోయి, ఆ మహానుభావుడు అంకెని కోడ్‌లోనే రాసేశాడు. మూడేళ్లూ మా సరుకు పన్నెండులోనే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. దీన్ని బగ్గు అంటే నేనొప్పుకోను. ఇది బద్ధకం.

ఫోన్ చేశా, ఎత్తలేదు. వాట్సాప్‌లో బిల్లు ఫోటో పెట్టా, బ్లూ టిక్కులు పడ్డాయి, అంతే. మధ్యాహ్నం ఎవరో కుర్రాడు చేశాడు. "ఎనీడెస్క్ ఐడీ పంపండి సార్." పంపా. మౌస్ అటూ ఇటూ తిరిగింది. ఎఫ్1 నొక్కి, టీడీఎల్స్ అండ్ యాడాన్స్‌లోకి వెళ్లి, మా ఫైలు తీసేసి, మళ్లీ అదే ఫైలు పెట్టాడు. "ఇప్పుడు చూడండి సార్." అదే 6, 6. "ట్యాలీ అప్‌డేట్ చేశారా సార్? దానివల్లే." చెయ్యలేదు బాబూ. "చెయ్యలేదా? అందుకే సార్."

ట్యాలీ అమ్మినాయనకి చేస్తే, "ఆ టీడీఎల్ ఆపి చూడండి, సరిగా వస్తే మాకు సంబంధం లేదు" అన్నాడు. ఆపితే సరిగానే వచ్చింది. ఆయన్ని ఏమంటాం?

అసలు కడుపుమంట ఎక్కడంటే, మాకిచ్చింది టీసీపీ ఫైలు. అంటే కంపైల్ చేసి, మా సీరియల్ నంబరుకి కట్టేసింది. లోపలేముందో కనపడదు. మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇచ్చుంటే, తెలిసినవాళ్ల చేత నోట్‌ప్యాడ్‌లోనే ఆ అంకె మార్పించుకునేవాళ్లం. డబ్బిచ్చి కట్టించుకున్న ఇంటికి తాళంచెవి మేస్త్రీ జేబులో ఉన్నట్టుంది మా పని.

మూడో రోజున టీడీఎల్ రాసినాయన నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త రేట్ల "అప్‌గ్రేడ్"కి నాలుగు వేలట. లైఫ్‌టైమ్ సపోర్టన్నారు కదా అంటే, "అది బగ్గులకే సార్, ఇది గవర్నమెంటు మార్పు" అన్నాడు.

మనమూ తక్కువ తిన్నామా అంటే, లేదు. ఆయన మొదట ఆరు వేలు, ఏడాదికి పదిహేను వందల ఏఎంసీ (ఏటా కట్టే సపోర్టు ఫీజు) అన్నాడు. మా ఓనరు గారు బేరమాడి మూడున్నరకి దించి, "ఏఎంసీ గిఎంసీ వద్దు, లైఫ్‌టైమ్ చూడాలి" అన్నారు. ఆయనా సరేనన్నాడు. బేరం పోతుందని అనక తప్పలేదు పాపం. మూడున్నర వేలకి జీవితాంతం ఎవరు ఫోనెత్తుతారు? ఇద్దరు ముగ్గురున్న ఆఫీసు, ఒకే సోమవారం ఊరంతా ఫోన్లు. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు, వాడికి టీడీఎల్ రాయడం వచ్చో రాదో కూడా అనుమానమే.

కానీ 19 రోజుల టైముంది కదండీ. వినాయక చవితికి లోగో పెట్టి శుభాకాంక్షలు పంపారు, విజయదశమికీ పంపారు. ఆ రెండు పండగల మధ్య "కొత్త రేట్లతో ఒక బిల్లు ప్రింటు తీసి చూసుకోండి" అని ఒక్క లైను కొట్టడానికి ఎంత ఖర్చు? నాకు నిజంగా మండింది ఇక్కడే.

ఆ వారమంతా మామూలు ఫార్మాట్ మీద పెన్నుతో స్కీములు రాసి పంపాం. తర్వాత ఇంకొకాయన చేత చేయించాం. ఈసారి సోర్స్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాకే చివరి పేమెంటు. ఏడాది డబ్బులు బేరం లేకుండా కడతామన్నాం. అడ్వాన్సు ఇవ్వకముందు నేనొక పని చేశా. శనివారం రాత్రి ఏడింటికి ఊరికే ఆయన సపోర్టు నంబరుకి ఫోన్ కొట్టా. రెండో రింగుకి ఎత్తాడు, విసుక్కున్నాడు, అయినా ఎత్తాడు.

నిన్న ఆ పాత నంబరు నుంచి సంక్రాంతి శుభాకాంక్షలు వచ్చాయి. కింద కొత్త యాడాన్ ఆఫరు, బిల్లు దానంతటదే వాట్సాప్‌లో పార్టీకి వెళ్లిపోతుందట. ఓనరు గారు నా ఫోన్లోకి తొంగిచూసి, "బాగుందే, ఎంతట?" అంటున్నారు.